మేడను కూల్చింది పంతులమ్మేనా?

వేసవి సెలవులకు వచ్చిన మా మనవరాలు లావుపాటి ఆంగ్ల నవల ఒకటి చేతబట్టి నాలుగు రోజులు అన్నం నీళ్లు మరచినది. అయిదవనాటి మధ్యాహ్నం పుస్తకం మూసి, "హమ్మయ్య! ఆ పంతులమ్మ చచ్చింది అమ్మమ్మా, పీడ విరగడైంది" అన్నది. నేను చింతపండులో గింజలు తీస్తున్నాను. చేయి ఆగిపోయినది. ముప్పయి మూడేళ్లు పంతులమ్మగా బ్రతికినదానిని. ఒక పంతులమ్మ చావు విని ఒక పిల్ల ఊపిరి పీల్చుకోవడం, అది కథలోనే అయినా, చెవికి ఇంపుగా లేదు.

"ఏమి చేసిందే ఆమె?" అని అడిగాను.

"దొంగ. తాగుబోతు. కుట్రలు పన్నేది. పాఠం చెప్పిన పిల్లనే చంపించబోయింది."

"మరి ఆమెను ఎవరు చంపారు?"

"చీకట్లో పొరపాటున చంపేశారు, ఆ పిల్లే అనుకుని."

"ఎవరు?"

"ఆ ఇంటివాళ్లే."

ఇంటివాళ్లే! హత్య చేయదలచినది ఇంటివాళ్లు, చేసినది ఇంటివాళ్లు, ఆస్తి కావలసినది ఇంటివాళ్లకు. పీడ మాత్రం పంతులమ్మ. ఈ లెక్క నాకు పొసగలేదు. నా ఆంగ్లం భాషాప్రవీణ చదివినవారి ఆంగ్లం. నిఘంటువు ప్రక్కన పెట్టుకుని ఆ నవలను నెల పాటు చదివాను. చదివిన తరువాత కోపం తగ్గలేదు సరికదా, కారణాలు దొరికి బలపడినది. ఆ కోపమే ఈ టపా. కథ అంతా చెప్పేస్తాను గనుక ఇంకా చదవనివారు మన్నించవలెను.

నవల పేరు 'అంకుల్ సైలస్'. వ్రాసినవాడు జోసెఫ్ షెరిడన్ లె ఫాను, డబ్లిన్ నగరవాసి. 1814లో పుట్టి 1873లో పోయినాడు. ఈ నవలను 1864లో, తానే యజమానియైన 'డబ్లిన్ యూనివర్సిటీ మ్యాగజైన్'లో మొదట ధారావాహికగా వేసుకున్నాడు. పాడుబడిన మేడలు, తాళం వేసిన గదులు, వంశ రహస్యాలు, రాత్రివేళ మెట్లమీద అడుగుల చప్పుడు, వీటితో నడిచే కథలను ఆంగ్లంలో గాథిక్ నవలలంటారు. వాటిలో ఇది మేలుజాతిది. అందులో నాకు వాదం లేదు. వాదమంతా దానిని మనం చదివే తీరుతోనే.

కథ చెప్పేది మాడ్ రూథిన్ అనే అమ్మాయి. తల్లి లేని పిల్ల. తండ్రి ఆస్టిన్ గొప్ప ధనికుడు, మౌని, లోకంతో పొత్తు లేనివాడు. అతడు కూతురికి చదువు చెప్పడానికి ఒక ఫ్రెంచి గవర్నెస్‌ను కుదురుస్తాడు. ఆమె పేరు మదామ్ ద లా రుజియేర్. పొడవాటి బలిష్ఠమైన మనిషి, పెద్ద నోరు, ఒక విధమైన నవ్వు, విరిచి విరిచి పలికే ఆంగ్లం. పిల్లను బెదిరిస్తుంది, బ్రాందీ తాగుతుంది, దొంగచాటుగా మనుషులను కలుస్తుంది. చివరకు ఒక రాత్రి యజమాని బల్ల తెరచి కాగితాలు వెదకుతూ మాడ్ కంటబడుతుంది. ఆస్టిన్ ఆమెను పంపివేస్తాడు.

ఇక్కడ ఒక్కమాట. ఆమె ఎలాంటిదో తెలిసిన బంధువు ఒకామె, మోనికా నోలిస్ అనే ఆవిడ, ఈ సంగతికి ముందే ఆస్టిన్‌ను హెచ్చరిస్తుంది. అతడు చెవిని పెట్టడు. ఇల్లు తనది, నిర్ణయం తనది. ఇంతవరకు తప్పు ఎవరి ఖాతాలో వ్రాయవలెనో పాఠకులే చెప్పాలి.

ఆస్టిన్‌కు సైలస్ అని తమ్ముడు. యౌవనంలో జూదరి, అప్పుల అప్పారావు. డర్బీషైర్‌లో బార్ట్రమ్ హా అనే పాతమేడలో ఉంటాడు. వెనుక ఎప్పుడో చార్క్ అనే జూదరి ఒకడు, సైలస్ బాకీపడినవాడు, ఆ మేడలోనే లోపల గడియ పెట్టిన గదిలో కంఠం తెగి చచ్చి కనిపించాడు. ఆత్మహత్య అన్నారు. లోకం నమ్మలేదు. వంశానికి మచ్చ పడినది. ఆ మచ్చ తుడవడానికి ఆస్టిన్ ఏమి చేశాడో చూడండి. తాను పోయిన తరువాత కూతురికి సంరక్షకుడుగా ఆ సైలస్‌నే మరణశాసనంలో వ్రాశాడు. మాడ్ మైనారిటీ తీరకముందే మరణిస్తే ఆస్తి అంతా సైలస్‌దే! తమ్ముడు నిర్దోషి అని లోకానికి రుజువు కావాలి. పిల్ల బ్రతికి బయటపడితే అదే రుజువు. ధర్మరాజు జూదంలో ద్రౌపదిని ఒడ్డినాడని మనం వేల ఏండ్లుగా తిట్టుకుంటున్నాం. ఆస్టిన్ రూథిన్ కన్నకూతురిని వంశగౌరవానికి పందెం ఒడ్డినాడు, అదీ లాయరు చేత వ్రాయించి, సాక్షుల సంతకాలతో. అతనిని మాత్రం మా మనవరాలు "పాపం, మంచివాడే, కాస్త చాదస్తుడు" అన్నది.

సరే, తండ్రి పోయినాడు. మాడ్ బార్ట్రమ్ హా చేరినది. ఆ మేడ వర్ణనలు చదివితే నిజంగానే గుండె జారుతుంది. వాకిట్లో పచ్చిక మొలచి, సగం గదులు మూతబడి, ప్రహరీ తోటలు చిట్టడవులై. ఆ మేడ ఎందుకు అట్లా ఉన్నది? నవలలోనే సమాధానం ఉన్నది గాని తొందరలో ఎవరూ ఆగి చూడరు. ఎస్టేటు సైలస్‌ది కాదు, అన్నది. అన్న తరువాత మాడ్‌ది. తనది కాని ఆ ఎస్టేటులో సైలస్ ఓక్ చెట్లు కొట్టించి, బెరడు వలిపించి, బొగ్గు కాల్పించి అమ్ముకుంటున్నాడు. మాడ్ తరఫు ధర్మకర్తలలో ఒకడైన డాక్టర్ బ్రయర్లీ ఆ సంగతి పసిగట్టి పట్టుకుంటాడు కూడా. చెట్టు నరికినవాడు సైలస్. జూదమాడినవాడు సైలస్. అప్పు చేసినవాడు సైలస్. పెళ్లయిన సంగతి దాచిపెట్టి, ఆస్తి కోసం మాడ్‌ను పెళ్లాడమని వెంటబడినవాడు అతని కొడుకు డడ్లీ. మేడ కూలడానికి ఇంతమంది మగవారు ఇంత పాటుపడగా, పేరు మాత్రం మదామ్‌కు!

ఆ పెళ్లి ఎత్తు పారకపోయేసరికి మదామ్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది, ఈసారి సైలస్ కొలువులో. మాడ్‌ను ఫ్రాన్సు పంపుతున్నామని చెప్పి, ఆమెను వెంటబెట్టుకుని రైలెక్కి లండను దాకా వెళ్లి, డోవర్ రేవుకు పోతున్నామని నమ్మించి, రాత్రికి రాత్రి ఎవరికీ తెలియకుండా మళ్లీ బార్ట్రమ్ హాకే తెచ్చి ఒక గదిలో పెడుతుంది. మాడ్ కోసం మందు కలిపి ఉంచిన ద్రాక్షసారాను, అందులో మందున్నదని తెలియక, తానే తాగి ఆ పిల్ల మంచంమీద నిద్రపోతుంది. అర్ధరాత్రి డడ్లీ కిటికీ గుండా దిగి, చీకటిలో మాడ్ అనుకుని ఆమెను సుత్తితో కొట్టి చంపుతాడు. గది మూలన నక్కి మాడ్ అదంతా చూస్తుంది, తరువాత తప్పించుకుంటుంది. తెల్లవారేసరికి సైలస్ నల్లమందు మింగి చచ్చి ఉంటాడు. మాడ్ కొన్నాళ్లకు ఒక ప్రభువును పెళ్లాడి సుఖంగా ఉంటుంది.

ఆ సుత్తి దెబ్బల ఘట్టాన్ని నేను రెండుసార్లు చదివాను. మొదటిసారి భయం వేసినది. రెండవసారి ఒక సంగతి తట్టినది. ఈ మేడలో పథకం వేసినవాడు ఒకడు, సుత్తి పట్టినవాడు ఒకడు, లాభం పొందవలసినవారు వారిద్దరే. మదామ్‌కు తమ మందు సంగతి కూడా వారు చెప్పలేదు. ఆమెను కుట్రలో సగానికే పిలిచారు. కూలి మనిషికి పని చెబుతారు గాని ఆలోచన చెప్పరు కదా, అట్లా. చివరకు వారసురాలి మీద పడవలసిన దెబ్బ జీతగత్తె మీద పడినది. అది చూసి మనం ఊపిరి పీల్చుకుంటున్నాం.

"అయితే మదామ్ మంచిదంటారా పంతులమ్మగారూ?" అని అడిగేవారు ఉంటారు. అనను. ఆమె క్రూరురాలు, పసిపిల్లను భయపెట్టిన ఉపాధ్యాయినిని నేను ఏ జన్మలోనూ క్షమించలేను. ఆ పాత్రను లె ఫాను చెక్కిన తీరు అద్భుతమని కూడా ఒప్పుకుంటాను. 1947లో ఈ నవలను సినిమాగా తీసినప్పుడు ఆ వేషం కాటినా పాక్సినూ అనే గ్రీకు మహానటికి ఇచ్చారంటే ఆ పాత్ర బరువు ఎంతటిదో తెలుస్తుంది. నేననేది వేరు. ఒక్క మదామ్ అయితే సరిపెట్టుకుందును. ఆ రోజుల నవలల వరుస చూడండి.

1847–48లో థాకరే వ్రాసిన 'వానిటీ ఫెయిర్' ఉన్నది. వాటర్లూ యుద్ధకాలాన్ని ముప్పయి ఏండ్ల తరువాత తిరిగి చెప్పిన చారిత్రక నవల. అందులో బెకీ షార్ప్ అనే గవర్నెస్, సర్ పిట్ క్రాలీ అనే పిసినారి ప్రభువు ఇంటికి వెళ్లి ఇంట్లో అందరినీ బుట్టలో వేసుకుంటుంది. ముసలి యజమాని భార్య పోయిన వెంటనే మోకాళ్లమీద పడి తనను పెళ్లాడమంటే, అప్పటికే అతని కొడుకును రహస్యంగా పెళ్లాడి ఉంటుంది! 1862లో 'లేడీ ఆడ్లీస్ సీక్రెట్' వచ్చినది. అందులోనూ వృద్ధ ప్రభువును వలలో వేసుకున్నది గవర్నెసే. 1866లో అమెరికాలో 'బిహైండ్ ఎ మాస్క్' అనే కథ వచ్చినది. అక్కడ జీన్ మ్యూర్ అనే గవర్నెస్ మొదటి రాత్రి తన గదిలో గడియ పెట్టుకుని పెట్టుడు జుట్టూ పెట్టుడు పళ్లూ తీసి ప్రక్కన పెడుతుంది. కొలువు చేసే ఇంట్లోని యువకులను ఆడించి, చివరకు వారి ముసలి పెదనాన్నను పెళ్లాడి బిరుదు కొట్టేస్తుంది. 1898లో హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ద స్క్రూ' వ్రాస్తే అందులో గవర్నెస్‌కు దయ్యాలు కనబడతాయి, చివరకు ఆమె చేతులలోనే పిల్లవాడు ప్రాణం వదులుతాడు. 1934లో ఎడ్మండ్ విల్సన్ అనే విమర్శకుడు వచ్చి, దయ్యాలేవీ లేవు, అంతా ఆమె మనోవికారమే అన్నాడు. అంతే, అప్పటినుంచి పండితులందరూ ఆ అమ్మాయి నాడి పట్టుకు కూర్చున్నారు. ఆ పిల్లల పెదనాన్న ఒకడున్నాడు. లండనులో హార్లీ వీథిలో సుఖంగా ఉంటూ, "ఏమి జరిగినా సరే నాకు ఉత్తరం వ్రాయరాదు" అనే షరతు మీద ఇరవై ఏండ్ల అమ్మాయికి ఇద్దరు అనాథలను, ఒక పెద్ద మేడను అప్పగించినవాడు. అతని మనోవికారాన్ని గూర్చి ఎన్ని వ్యాసాలు వచ్చాయి?

'జేన్ ఐర్' ఉన్నది కదా, అక్కడ గవర్నెసే నాయిక కదా అంటారు. ఉన్నది, 1847లో. ఆ నవలలోనే విందుకు వచ్చిన ఇన్‌గ్రమ్ తల్లీకూతుళ్లు, జేన్ అదే గదిలో కూర్చుని ఉండగానే, ఆమెకు వినబడేటట్లు, గవర్నెస్‌లంతా ఎంత వెగటు జాతో చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ సన్నివేశాన్ని షార్లెట్ బ్రాంటీ ఊహించి వ్రాయనక్కరలేదు. ఆమె తానే గవర్నెస్. 1839లో ఒక ఇంట పిల్లలను చూస్తూనే గుట్టలకొద్దీ బట్టలు కుట్టవలసి వచ్చినదని చెల్లెలికి ఉత్తరం వ్రాసుకున్నది. 1841లో రాడన్ అనే ఊరిలో మరొక ఇంట చేరితే జీతం ఏడాదికి 20 పౌండ్లు. అందులో బట్టలు ఉతికించినందుకు 4 పౌండ్లు కోత! చేతికి 16 పౌండ్లు. ఆమె చెల్లెలు ఆన్ కూడా అదే పని అయిదేళ్లకు పైగా చేసి, 1847లో 'ఆగ్నెస్ గ్రే' వ్రాసినది. అందులో దయ్యం లేదు, హత్య లేదు, పాడుమేడ లేదు. చెప్పినమాట వినని పిల్లలు, పిల్లలను దండించనివ్వక, చదువు రాకపోతే మాత్రం తిట్టే తల్లిదండ్రులు, ఒంటరి సాయంత్రాలు మాత్రమే ఉన్నాయి. అందుకే కాబోలు దానిని మా మనవరాలు వంటివారు నాలుగు రోజులలో చదవరు.

గవర్నెస్ అనే మాటకు తెలుగులో సరియైన మాట కోసం వెదకాను. దాది కాదు, ఆయా కాదు. ట్యూషను మాష్టారు సాయంత్రానికి ఇంటికి పోతాడు. ఈమె పోదు. ఆ ఇంట్లోనే ఉంటుంది. బంధువు కాదు, నౌకరు కాదు. పనివారితో కూర్చుని తినడానికి ఆమె పుట్టుక ఒప్పుకోదు, యజమానులతో కూర్చోవడానికి ఆమె జీతం ఒప్పుకోదు. కనుక ఒక పళ్లెంలో పెట్టి మేడమీద గదికి పంపుతారు. అటువంటివారు 1851 జనాభా లెక్కలనాటికి ఆ దేశంలో సుమారు 25,000 మంది. వారిలో ముసలితనంలో దిక్కులేనివారు ఎంతమంది తేలారంటే, వారికి పింఛను ఇవ్వడానికి 1840లలో ప్రత్యేకంగా ఒక ధర్మసంస్థ పెట్టవలసి వచ్చినది. వారికి చదువు చెప్పి యోగ్యతాపత్రం ఇవ్వడానికి 1848లో క్వీన్స్ కాలేజీ తెరిచారు. ఎక్కడ? హార్లీ వీథిలో! హెన్రీ జేమ్స్ ఆ పెదనాన్నకు ఇల్లు అదే వీథిలో ఎందుకు ఇచ్చాడో, తెలిసి ఇచ్చాడో తెలియక ఇచ్చాడో గాని, నాకు నవ్వు వచ్చినది.

అదే 1848లో ఎలిజబెత్ రిగ్బీ అనే విదుషీమణి 'క్వార్టర్లీ రివ్యూ'లో ఒక సమీక్ష వ్రాసినది. 'వానిటీ ఫెయిర్', 'జేన్ ఐర్', పైన చెప్పిన ధర్మసంస్థవారి వార్షిక నివేదిక, ఈ మూడింటినీ ఒకే త్రాటన కట్టి. జేన్ ఐర్‌ను ఆమె చీల్చి చెండాడినది. అది వేరే కథ. కాని ఆ సమీక్షలో ఒక నిజం నోరు జారినది. గవర్నెస్‌లు కావాలంటే ఎక్కడో కొందరు తండ్రులు దుబారా చేయాలి, తప్పులో నేరాలో చేయాలి, అప్పుడే వారి ఆడపిల్లలు రోడ్డున పడి ఈ కొలువులకు వస్తారు అన్న భావం ఆమె మాటలలో ఉన్నది. అంటే మేడ కూలితేనే గవర్నెస్ పుడుతుంది. ఆ పిల్ల మరొక మేడకు పొట్ట చేతపట్టుకుని వెళితే, ఆ మేడ కూలినప్పుడు "ఇది వచ్చింది, ఇల్లు కూలింది" అంటాం. అత్త చేతి కుండ అడుగోటి కుండ, కోడలి చేతి కుండ కొత్తకుండ అని సామెత. ఇక్కడ జీతగత్తె చేతిలో ఏ కుండ పగిలినా అది కొత్తకుండే.

లె ఫాను విషయంలో నాకు మరొక ఫిర్యాదు ఉన్నది. ఈ కథను అతడు మొదట 1838లోనే ఒక చిన్న కథగా వ్రాశాడు. అది జరిగినది ఐర్లండులో. పెద్ద నవలగా మార్చేటప్పుడు, ఆంగ్లదేశపు కథ కావాలన్న లండను ప్రచురణకర్త కోరిక మేరకు డర్బీషైర్‌కు తరలించాడు. ఎలిజబెత్ బోవెన్ అనే ఐరిష్ రచయిత్రి 1947లో దీనికి పీఠిక వ్రాస్తూ, వేషం ఇంగ్లీషుదైనా ఇది లోపల ఐరిష్ కథేనని గుర్తుపట్టినది. నాకూ అట్లాగే తోచినది. ఐర్లండులో 1845 నుంచి మహా క్షామం. జనం చచ్చారు, కౌళ్లు రాలేదు, భూస్వాముల అప్పులు బయటపడినవి. 1849లో అప్పుల పాలైన ఎస్టేట్లను వేలం వేయడానికి ప్రత్యేకంగా చట్టం చేసి కోర్టు పెట్టారు. మేడలు వరుసగా చేతులు మారినవి. అదంతా కళ్లారా చూసిన తరానివాడు లె ఫాను. మేడలు ఎందుకు కూలుతాయో అతనికి బాగా తెలుసు. తెలుసు గనుకనే ఆ ఓక్ బెరడు సంగతి నవలలో పెట్టాడు. కాని పాఠకుడికి రాత్రిపూట భయం పుట్టించడానికి చెట్టు బెరడు చాలదు కదా. ఒక ముఖం కావాలి. పరాయి ముఖం, ఆడ ముఖం, యాస మాటలు పలికే ముఖం. తన వంశమేమో ఫ్రాన్సు నుంచి మతహింసకు తాళలేక పారిపోయి వచ్చిన హ్యూగెనాట్ల వంశం! ఇంటిపేరే ఫ్రెంచిది. అటువంటివాడు ఫ్రెంచి యాసను దుష్టత్వానికి గుర్తుగా వాడుకున్నాడు. ఇందులో మనకు కొత్తేమీ లేదనుకోండి. మన సినిమాలలో తెలుగు మాష్టారంటే పిలక, నశ్యపు డబ్బా, గ్రాంథికం. అతడు నోరు తెరిస్తే హాలంతా నవ్వు. ముప్పయి మూడేళ్లు ఆ నవ్వు తరగతి గదిలోకి కూడా వచ్చి నా ముందు బెంచీలలో కూర్చున్నది.

మనదగ్గర మాత్రం గురువుకు గొప్ప గౌరవమనుకుంటున్నారేమో. మనుధర్మశాస్త్రం తిరగేయండి. వేదంలో కొంతభాగాన్ని బ్రతుకుతెరువు కోసం చెప్పేవాడు ఉపాధ్యాయుడు. ఆచార్యుడు అతనికి పదింతలు గొప్ప. జీతం పుచ్చుకున్న మరుక్షణం మెట్టు దిగిపోతాం, ఏ దేశమైనా.

అయినా ఒక తేడా ఉన్నది. అది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. మన ఇతిహాసంలోనూ కూలబోయే ఒక మహాసౌధం ఉన్నది, అందులో జీతానికి కుదిరిన ఒక గురువు ఉన్నాడు. కొడుకుకు పాలు పోయలేని బీదవాడు. చిన్ననాటి స్నేహితుడైన రాజు దగ్గరకు పోయి అవమానపడి, భీష్ముని ఆశ్రయంలో హస్తినాపురం చేరాడు. అతనికీ పథకం ఉన్నది. శిష్యుల చేత ఆ రాజును కట్టి తెప్పించుకునేదాకా నిద్రపోలేదు. ఒక బోయపిల్లవాని బొటనవ్రేలు అడిగినవాడు, కాబట్టి మంచివాడని కూడా అనలేం. తిన్న ఉప్పుకు కట్టుబడి అధర్మపక్షాన పోరాడాడు. చివరకు అబద్ధం చెప్పి ఆయుధం దింపించి తల నరికారు. ద్రోణుడు కుట్రదారా? అడగవచ్చు. కాని మహాభారతం అతనిని "పీడ" అని పారవేయలేదు. అతని బీదరికం చెప్పినది, అవమానం చెప్పినది, లోభం చెప్పినది, కొడుకు మీది ప్రేమ చెప్పినది, అతని పేర ఒక పర్వమే ఇచ్చినది. తిక్కనగారు ఆ పర్వాన్ని తెనిగించారు. కురువంశం కూలినందుకు ద్రోణుడే కారణమని పల్లెటూరి హరికథలో కూడా ఎవరూ చెప్పగా నేను వినలేదు. జూదం, రాజ్యలోభం, గుడ్డితండ్రి మోహం, ఈ వరుసలోనే చెబుతారు.

మదామ్‌కు పర్వం అక్కరలేదు, ఒక్క పుట చాలు. ఎక్కడ పుట్టినది, తాగుడు ఎట్లా అబ్బినది, ఆ వయసులో ఆ పెద్ద శరీరంతో పరాయిదేశంలో ఇల్లిల్లూ ఎందుకు తిరుగుతున్నది, ఈ మేడ నుంచి వెళ్లగొడితే తరువాతి రాత్రి ఎక్కడ పడుకుంటుంది? ఇవి నవలలో ఎవరూ అడగరు. మాడ్ అడగదు, పదిహేడేళ్ల పిల్ల, భయపడినది, అడగకపోవడం సహజం. అడగవలసినది మనం.

'బిహైండ్ ఎ మాస్క్' గూర్చి పైన కొంచెం తక్కువచేసి మాట్లాడాను. దిద్దుకోవాలి. ఆ కథ మీద ఎ. ఎం. బర్నార్డ్ అని పేరున్నది. అది మారుపేరని, అసలు వ్రాసినది 'లిటిల్ విమెన్' రచయిత్రి లూయిసా మే ఆల్కాట్ అని 1940లలో ఇద్దరు పరిశోధకురాండ్రు కనుగొన్నారు. ఆల్కాట్ తానూ పిల్లలకు చదువు చెప్పినది, బట్టలు కుట్టినది. 1851లో ఒక ఇంట పనిమనిషిగా చేరి ఏడువారాలు చాకిరీ చేస్తే చేతిలో నాలుగు డాలర్లు పెట్టారు. జీన్ మ్యూర్ కుట్రలు చదువుతుంటే నాకు కోపం రాలేదెందుకో అప్పుడు తెలిసినది. ఆ కుట్రదారు గెలుస్తుంది. ఆమె కుట్ర పన్నుతున్నదని తెలిసి కూడా రచయిత్రి ఆమె ప్రక్కనే నిలబడుతుంది. మా మనవరాలు చెప్పగా తెలిసినది, 2025లో కూడా 'విక్టోరియన్ సైకో' అని వర్జీనియా ఫీటో అనే రచయిత్రి నవల వచ్చినదట, ఎన్సర్ హౌస్ అనే మేడకు వచ్చిన గవర్నెస్ హంతకురాలట. నూటయాభై ఏండ్లు దాటినా ఆ కత్తి మన చేతినుంచి దిగలేదన్నమాట! అయితే అక్కడ కథ చెప్పేది ఆ గవర్నెసేనట. అంతవరకు సంతోషం.

ఇక నా సంగతి. ఉద్యోగం రాకముందు, ఇరవైరెండేళ్ల వయసులో, ఒక పెద్ద ఇంట పిల్లలకు తెలుగు, సంస్కృతం చెప్పేదానిని. పాతకాలపు మండువా లోగిలి. ఒక ప్రక్క పైకప్పు కురిసేది, గోడలకు పెద్దల పటాలు. మధ్యాహ్నం నుంచి దీపాలవేళ దాకా అక్కడే. ఒకనాడు ఇంటావిడ ఉంగరం కనబడలేదు. నలుగురు పనివారిని వరుసగా పిలిచారు. తరువాత ఆవిడ నా వంక చూసి, "ఏమనుకోకు అమ్మాయీ, అందరినీ అడుగుతున్నాం కదా, నిన్ను అడక్కపోతే వాళ్లు అనుకుంటారు" అంటూ నా చేతిసంచీ తీసుకుని బల్లమీద కుమ్మరించారు. శబ్దమంజరి, అరటిపండు, బస్సుకు దాచుకున్న చిల్లర. నేను పాఠం చెప్పే పిల్లలిద్దరూ ద్వారం దగ్గర నిలబడి చూస్తున్నారు. మూడవరోజున ఉంగరం ఆ ఇంటి పెద్దబ్బాయి తాకట్టు పెట్టినట్టు తేలినది. ఆ మాట నాకు వంటమనిషి చెప్పినది. ఇంటివారు చెప్పలేదు. నేను మరునాడు కూడా వెళ్లాను. నెల జీతం ఇంకా రావలసి ఉన్నది. ఆ అబ్బాయి వసారాలో పడకకుర్చీలో కూర్చుని పత్రిక చదువుకుంటున్నాడు.

ఆ ఇల్లు తరువాత అమ్ముడుపోయినది. ఎందుకు పోయినదో ఊరందరికీ తెలుసు. అయినా చాలా ఏండ్ల తరువాత ఒక పెళ్లిలో ఎవరో, "మీరు అక్కడ చెప్పేవారు కదూ, ఆ ఉంగరం గొడవ మీదేనా?" అన్నారు.

ఇదంతా మనవరాలికి చెప్పాను, పంచదార వేయకుండా. అది కాసేపు మాట్లాడలేదు. తరువాత పుస్తకం మళ్లీ తీసి, చివరి అధ్యాయాలు తిరగవేస్తూ, "అమ్మమ్మా, మదామ్ ఆ రాత్రి మాడ్ మంచంమీద ఎందుకు పడుకుంది? తనకు వేరే గది ఇవ్వలేదా?" అని అడిగినది.

ఆ ప్రశ్నకు జవాబు వెదకుతూ ఇద్దరం ఆ ఘట్టం దగ్గరే ఉన్నాం.